యాభై ఒకటో ఏట కంప్యూటరు బడి

ముందుగా ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే దాని మీద దుమ్ము తుడిచేది ఎవరు? మీరే కదా! మరి దాన్ని వాడేది? అక్కడికొచ్చేసరికి మనం వంటింటి వైపు చూస్తాం. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి అంతే. మా అబ్బాయి బెంగుళూరు వెళుతూ పాత లాప్‌టాప్ ఒకటి బీరువా మీద వదిలేసి వెళ్లాడు. దానికి నేను పాత చీర ముక్కతో గలీబు కూడా కుట్టాను. తెరిచింది మాత్రం ఎన్నడూ లేదు.

అసలు ఈ కంప్యూటరు కోరిక నాకు కొత్తగా పుట్టింది కాదండీ. 1998 నాటిది. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాది అది. ఎక్కడ చూసినా కంప్యూటరు మాటే. మా తెనాలిలో కూడా వీధికో బోర్డు వేలాడేది. మా మరిది డిగ్రీ అయిపోగానే అలాంటి ఒక చోట చేరాడు. రోజూ వాడికి చొక్కా ఇస్త్రీ చేసి, క్యారేజీ కట్టి పంపించేదాన్ని. వాడు ఇంటికొచ్చి చెబుతుంటే నోరు వెళ్లబెట్టుకుని వినేదాన్ని.

"ఏసీ గది వదినా! చెప్పులు బయటే విప్పాలి. దుమ్ము పడకూడదట."

"గుడిలోకి వెళ్లినట్టేనన్నమాట!" అన్నాన్నేను.

ఓ రోజు రాత్రి భోజనాల దగ్గర, ధైర్యం చేసి, "నేనూ నేర్చుకోనా?" అన్నాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఇంటరు పాసయ్యాను. మా వారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా వంక చూసి, "నేర్చుకుని ఏం చేస్తావే? పప్పులో ఉప్పెంతో అది చెబుతుందా?" అన్నారు. మా అత్తగారు నవ్వారు. మరిదీ నవ్వాడు. వాళ్లందరూ నవ్వినందుకు నాకు బాధ లేదు. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వాను చూడండీ, అది మాత్రం ఇన్నేళ్లయినా గుర్తొస్తూనే ఉంటుంది.

సరే, అసలు విషయానికొస్తాను.

2016 నుంచి నేను వేసవిలో ఆవకాయ పెట్టి అమ్ముతున్నాను. మొదట్లో మా అమ్మాయి స్నేహితురాళ్ల కోసం పెట్టాను. వాళ్ల అత్తగార్లు అడిగారు, తర్వాత వాళ్ల అపార్టుమెంటు వాళ్లు అడిగారు. అలా అలా ముప్ఫై ఇళ్ల దాకా పెరిగింది. కేజీ 300 రూపాయలు. వచ్చిన డబ్బులో సరుకుల ఖర్చు తీసేసి, మిగిలింది స్టీలు డబ్బాలో వేసి, డబ్బా బియ్యం డ్రమ్ము వెనకాల పెట్టేదాన్ని. సీజను అయ్యేసరికి అందులో తొమ్మిది వేల పైచిలుకు ఉండేది. మా అమ్మాయికి చెవులకు జూకాలు ఆ డబ్బుతోనే కొన్నాను. "అమ్మ సొంత డబ్బు" అని అందరికీ చెప్పుకున్నాను. మా వారు రైసుమిల్లులో పద్దులు రాసి రిటైరయిన మనిషి. కాలమంతా ఊళ్లోవాళ్ల లెక్కలు చూశారు గానీ, నా ఆవకాయ లెక్క ఏనాడూ అడగలేదు. "ఏదో దాని కాలక్షేపం" అనేవారు వచ్చినవాళ్లతో. నేనూ చూపించలేదు.

2023 జూన్‌లో సీజను అయిపోయాక మా వీధికి మూడో వీధిలో కంప్యూటరు క్లాసుల బోర్డు చూశాను. మూడు నెలలు, 3,500 రూపాయలు. స్టీలు డబ్బాలోంచి తీశాను. ఎవరినీ అడగలేదు. చేరి వచ్చాక, "రేపట్నుంచి పదింటికి క్లాసుకి వెళతాను, కూర పొద్దున్నే చేసి పెడతాను" అని చెప్పాను. మా వారు పేపరు పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. అంతే!

మొదటి రోజు నా అవస్థ చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. గదిలో పది మంది పిల్లలు. డిగ్రీ చదివేవాళ్లు, పాలిటెక్నిక్ వాళ్లు. నేను లోపలికి వెళ్లగానే అందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పడానికి వచ్చాననుకున్నారు పాపం. అసలు టీచరు నా వెనకాల వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, చుడీదారు, చేతికి గడియారం. నేను "మేడమ్" అంటే ఆ పిల్ల సిగ్గుపడిపోయి, "మేడమేంటి ఆంటీ, పేరు పెట్టి పిలవండి" అంది. పాఠం చెప్పేవాళ్లను పేరు పెట్టి ఎలా పిలుస్తాం? చివరికి "అమ్మాయ్" దగ్గర రాజీ కుదిరింది.

మౌసు పట్టుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. అట్లకాడ పట్టినట్టు గట్టిగా బిగించి పట్టుకున్నాను. బాణం గుర్తు తెర మీద ఎక్కడికో పోతుంది, నా చెయ్యి బల్ల అంచుకు పోతుంది. "మౌసు ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోండాంటీ, బాణం అక్కడే ఉంటుంది" అని చెప్పేదాకా నాకు తోచలేదు. రెండుసార్లు టకటకా నొక్కడం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇక భయం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ మీట నొక్కితే ఏమై పోతుందో అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. "నొక్కండాంటీ, అది కుక్కరు కాదు, పేలదు!" అంది ఆ పిల్ల. పక్కన కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇది మాత్రం 1998 నాటి నవ్వు కాదు.

ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఫైలు అంటే కొన్నాళ్లు తల తిరిగింది. నేను రాసింది ఎక్కడ పెట్టానో నాకే దొరికేది కాదు. తర్వాత ఓ రోజు పోపు వేస్తుంటే తట్టింది. వంటింటి అలమర, అలమరలో పోపుల డబ్బా, డబ్బాలో చిన్న గిన్నె, గిన్నెలో మెంతులు. మెంతులు కావాలంటే ఆ వరుసలోనే వెళ్లాలి. జీలకర్ర గిన్నెలో మెంతులు పోసి, కనబడలేదని ఇల్లంతా వెతికితే తప్పు ఎవరిది?

ఇంకొకటి కూడా చెప్పాలి. కంప్యూటరుకి రెండు రకాల జ్ఞాపకం ఉంటుందని పాఠంలో చెప్పారు. ఒకటి ర్యామ్, రెండోది డిస్కు. పిల్లలు రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను. అర్థమైతే ఒట్టు! అది ఇంటి దగ్గర అర్థమైంది, అదీ బాగా ఖరీదైన పాఠంగా.

మా అబ్బాయి లాప్‌టాప్ దింపి, గలీబు తీసి, ఇంట్లో సాధన మొదలుపెట్టాను. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు తగిలించి ఉంటేనే పనిచేస్తుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని రెండు గంటలపాటు మా ఆవకాయ ఖాతాదారుల పేర్లు, ఊళ్లు, ఎవరికి వెల్లుల్లి వద్దు, ఎవరికి కారం తక్కువ, అన్నీ ఎక్కించాను. పన్నెండు పేర్లున్నాయనగా కరెంటు పోయింది. తెర నల్లగా అయిపోయింది. వచ్చాక చూస్తే ఒక్క పేరు లేదు. ఏడుపొక్కటే తక్కువ! మర్నాడు క్లాసులో చెబితే, "సేవ్ చేయలేదా ఆంటీ?" అంది అమ్మాయి. పది నిమిషాలకోసారి తనంతట తానే దాచుకునే ఏర్పాటు ఉంటుందట. మా లాప్‌టాప్‌లో దాన్ని మా అబ్బాయి ఎప్పుడో తీసేశాడట. ఫోన్ చేసి కడిగేశాననుకోండి.

అప్పుడు తెలిసింది ర్యామ్ అంటే ఏమిటో. వంట చేసేటప్పుడు గట్టు మీద అన్నీ పరుచుకుంటాం చూడండి, అదీ ర్యామ్. చేతికి అందుబాటులో ఉంటుంది, పని చురుగ్గా సాగుతుంది. కానీ కరెంటు పోయిన క్షణంలో ఎవరో వచ్చి గట్టంతా తుడిచేస్తారు. డిస్కు అంటే సామాన్ల గది. అక్కడ పెట్టింది కరెంటు పోయినా పోదు. గట్టు మీది సరుకు గదిలోకి చేర్చడమే సేవ్ చేయడం. కంట్రోల్ మీట, ఎస్ మీట కలిపి నొక్కాలి. ఇప్పుడు నాకది ఎంత అలవాటయిందంటే, రెండు మాటలు రాసి ఒకసారి నొక్కుతాను. పాలు పొంగుతాయేమోనని చూసినట్టు!

తెలుగులో రాయడం నేర్చుకున్న రోజు గురించి చెప్పకుండా ఉండలేను. మన అక్షరాల కోసం ఇన్‌స్క్రిప్ట్ అని ఒక పద్ధతి ఉంది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. హిందీకీ తమిళానికీ కూడా 'క' అదే మీట మీద ఉంటుందట. ఒక భాషకు వేళ్లు అలవాటైతే ఇంకో భాషకూ పనికొస్తాయి. నేను మొదట రాసిన మాట 'అమ్మ'. షిఫ్టు పట్టుకుని డి నొక్కితే 'అ', సి నొక్కితే 'మ', ఉత్త డి నొక్కితే పొల్లు, మళ్లీ సి. తిప్పితిప్పి రెండే మీటలు! మా అమ్మ వేలిముద్ర వేసే మనిషి. తెర మీద ఆ మాట చూసి కాసేపు ఊరుకుండిపోయాను. పక్క కుర్రాడు, "అయిపోయిందా ఆంటీ?" అంటే, "ఆఁ, అయిపోయింది నాయనా" అన్నాను.

రెండో నెలలో ఎక్సెల్ మొదలైంది. ఇదిగో, నేను ఇంత దూరం మిమ్మల్ని కూర్చోబెట్టింది దీని కోసమే.

తెర నిండా గళ్లు. అడ్డం వరుసలకు అంకెలు, నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరాలు. బి వరుసలో రెండో గడి అయితే బి2. మన ముగ్గుల పుస్తకంలో చుక్కల్లాగా ప్రతి గడికీ చిరునామా ఉంటుంది. దీని పుట్టుక కథ మా అమ్మాయి టీచరు చెప్పింది. 1978లో అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకుంటున్న డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థికి, బోర్డు మీద లెక్కల పట్టికలో ఒక్క అంకె మారితే మిగతావన్నీ చెరిపి రాయాల్సి రావడం చూసి ఈ ఆలోచన వచ్చిందట. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారుచేసిన విసికాల్క్ 1979లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటి ఎక్సెల్‌లాంటి వాటికి అదే పెద్దక్క. చెరిపి మళ్లీ రాసే బాధ మనకు తెలియంది కాదు. పాలవాడి లెక్క కేలండరు మీద ఎన్నిసార్లు దిద్దలేదూ?

"అందరూ తమకు తెలిసిన లెక్క ఒకటి ఎక్కించండి" అంది టీచరు. కుర్రాళ్లు క్రికెట్ పరుగులు, మార్కులు ఎక్కించారు. నేను ఆవకాయ ఎక్కించాను. మొదట్లో కేజీలు రాయాల్సిన గడిలో "10 కేజీలు" అని రాశాను. లెక్క కట్టమంటే ఇంగ్లీషులో వాల్యూ అని ఏదో తిట్టులాంటిది చూపించింది. ఉత్త అంకె వేస్తేనే దానికి లెక్కట, కేజీ అని మాట కలిపితే అది పదమైపోతుందట. ఇంకోసారి గడి నిండా జల్లెడ గుర్తులు వచ్చాయి. పాడుచేశానని గుండె గుభేలుమంది. తీరా చూస్తే గడి వెడల్పు చాలకపోవడం, అంతే. అంచు పట్టి లాగితే అంకె కనబడింది.

మీకూ పనికొస్తుంది కాబట్టి నా లెక్క మొత్తం చెబుతాను. 2023 వేసవి ధరలు ఇవి, మా ఊళ్లో నేను కొన్నవి. ఒక కలపడానికి పది కేజీల ముక్క. దానికి 14 కేజీల కాయ పట్టింది, కేజీ 50 చొప్పున 700. ముక్కలు కొట్టినందుకు 140. కారం రెండున్నర కేజీలు 1,125. ఆవపిండి రెండున్నర కేజీలు 350. ఉప్పు రెండు కేజీలు 50. నువ్వులనూనె ఐదు కేజీలు 2,000. వెల్లుల్లి కేజీ 160. మెంతులు పావుకేజీ 30. మొత్తం 4,555 రూపాయలు. అన్నీ కలిపితే 23 కేజీల పావు ఆవకాయ. అంటే కేజీ నాకు 196కి పడింది. 300కి అమ్ముతున్నాను. కేజీకి వంద లాభం! ఏడేళ్లుగా నేను అందరికీ చెబుతున్న మాట ఇదే. గర్వంగా టీచరుని పిలిచి చూపించాను.

ఆ పిల్ల వంగి చూసింది. "ఇరవై మూడు కేజీలూ అమ్ముతారా ఆంటీ?" అంది.

అమ్మనండీ! మా ఆడపడుచుకి రెండు కేజీలు, ఎదురింటివాళ్లకు, మా వారి స్నేహితుడికి, రుచికని కొత్తవాళ్లకు. అమ్మేది పంతొమ్మిది కేజీలు. "అయితే అది ఒక గడిలో వేయండి" అంది. వేశాను. 5,700 వచ్చింది. సరుకులు పోగా 1,145. అది నిజమే, నా స్టీలు డబ్బాలో పడేది అదే.

"డబ్బాలు, టేపు?"

కేజీకి ఇరవై చొప్పున 380. అవి నేను ఇంటి సామాన్లతో పాటు తెచ్చేదాన్ని. మిగిలింది 765.

"పార్సిల్ ఆఫీసుకి ఎలా వెళతారు?"

ఆటోలో. నాలుగుసార్లు, అరవై చొప్పున 240. ఇంటిఖర్చు పర్సులోంచి ఇచ్చేదాన్ని. మిగిలింది 525.

"మీరొక్కరే చేస్తారా?"

లేదు, కాయలు కడిగి తుడవడానికి, జాడీలెత్తడానికి ఒకావిడ వస్తుంది. రోజుకి 500. అదీ ఇంటి పర్సులోంచే. ఆ అంకె కొట్టి ఎంటర్ నొక్కాను. చివరి గడిలో 25 అని వచ్చింది.

ఇరవై ఐదు రూపాయలు! తప్పు నొక్కానేమోనని మళ్లీ చూశాను. తప్పు లేదు. ఆ వేసవిలో అలాంటి కలపడాలు ఎనిమిది చేశాను. ఎనిమిది ఇరవై ఐదులు రెండు వందలు. స్టీలు డబ్బాలో తొమ్మిది వేలు చూసి నేను మురిసిపోతుంటే, అందులో దాదాపు తొమ్మిది వేలూ ఇంటి పర్సులోంచి వేరే దారిలో బయటికి పోతున్నాయన్నమాట. అంటే మా అమ్మాయి జూకాలు కొన్నది ఎవరి డబ్బుతో? మా వారి పెన్షనుతో! నేను "సొంత డబ్బు" అని చెప్పుకున్నదంతా ఏమిటి మరి?

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇదంతా నోటుబుక్కులో వేసినా తేలేదే కదా, దానికి కంప్యూటరెందుకు అని. నిజమే, తేలేదే. కానీ ఏడేళ్లుగా వేయలేదు. నోటుబుక్కులో మనకు కావాల్సింది మాత్రమే రాసుకుంటాం. ఇక్కడ ఖాళీ గడి కనబడుతుంటే, పక్కన కూర్చున్న మనిషి ఇందులో ఏం రాయాలి అని అడుగుతుంది. నన్ను ఏడేళ్లలో అడిగినవాళ్లు లేరు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆ పిల్ల ఇంకా కదల్లేదు. "మీ కూలి ఎక్కడ వేశారాంటీ?" అంది.

"నా కూలేమిటమ్మాయ్? నేను ఇంట్లో మనిషినేగా!"

"వచ్చే ఆవిడకి 500 ఇచ్చారుగా. మీరు ఎన్ని రోజులు చేస్తారు?"

మూడు రోజులు. కాయ చూసి బేరమాడడం ఒక రోజు, కలపడం ఒక రోజు, మూడో నాడు తిరగకలిపి డబ్బాలకెత్తడం. అప్పటిదాకా ఆ గడిలో సున్నా ఉంది. మూడు రోజులకు 1,500 వేశాను. చివరి గడిలో ముందు ఒక గీత వచ్చి, పక్కన 1,475 అని పడింది. అంటే అంత నష్టం. క్లాసు అయిపోయింది. పిల్లలు వెళ్లిపోయారు. నేను కంట్రోల్ ఎస్ నొక్కి, పెన్‌డ్రైవులో వేసుకుని ఇంటికొచ్చాను. దారిలో కొత్తిమీర కొనాలి, మర్చిపోయాను.

రాత్రి మా వారు వార్తలు చూసుకుంటుంటే లాప్‌టాప్ తెచ్చి ఎదురుగా పెట్టాను. "ఏమండీ, ఒకసారి చూడండి" అన్నాను. పైనుంచి కిందిదాకా చూశారు. నా కూలి గడి దగ్గర ఆగారు. "ఇదెవరికి ఇవ్వాలి?" అన్నారు. "నాకు" అన్నాను. "ఎవరిస్తారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మూత వేసి లోపలికి వెళ్లిపోయాను. మూడు రోజులు మా ఇంట్లో ఆవకాయ మాటా లేదు, కంప్యూటరు మాటా లేదు. నిజం చెప్పాలంటే, మానేద్దామనే అనుకున్నాను. ఊరుకోక ఎందుకు ఈ లెక్కలు తవ్వానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తెలియకుండా ఉంటే హాయిగా జూకాలు తలుచుకుని మురుస్తూ ఉండేదాన్ని కదా.

నాలుగో రోజు పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు, పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నారు. "మిక్సీకి, జాడీలకి తరుగుదల వేయలేదు నువ్వు."

"ఏమిటీ?"

"తరుగుదల. వస్తువు వాడితే అరుగుతుందా లేదా? ఏడాదికింత అని రాయాలి. నలభై ఏళ్లు పద్దులు రాశాను, ఆ మాత్రం తెలియదా?" కాస్త ఆగి, "అయినా కాయ కడిగే మనిషికీ, పాళ్లు చూసి కలిపే మనిషికీ ఒకే కూలేమిటి? మిల్లులో హమాలీకీ, మేస్త్రీకీ ఒకటే ఇస్తారా?" అన్నారు.

అంతకంటే ఏమీ అనలేదు. నేను పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. పాలు లేవు, అప్పుడే దించాను.

ఆ తర్వాత కూర్చుని ధర మార్చి చూడడం మొదలుపెట్టాను. ఈ పనికి మాత్రం ఎక్సెల్‌ని మెచ్చుకోవాలి. 300 దగ్గర 350 కొడితే గడియలో కిందంతా మారిపోతుంది. అంకె పెంచుతూ పోతే, 378 దగ్గర నష్టం గీత మాయమైంది. పంతొమ్మిది కేజీలకు ఏడు రూపాయలు మిగులు! 400 అయితే 425 మిగులుతుంది. పంచిపెట్టేవి తగ్గించి అమ్మితే ఎంతవుతుందో కూడా చూశాను. కానీ మా ఆడపడుచు రెండు కేజీలు తీసేయడానికి చెయ్యి రాలేదు. ఆవిడ నా పెళ్లప్పటి నుంచీ నన్ను చూసుకున్న మనిషి. దానికి 'ఇచ్చినవి' అని వేరే వరుస పెట్టి ఉంచేశాను. ఇస్తున్నానని తెలిసి ఇస్తున్నాను, ఇదివరకు తెలియక ఇచ్చాను.

2024 వేసవికి ధర 400 అని అందరికీ కబురు చేశాను. అంతకు ముందే ఆహార భద్రత సంస్థలో రిజిస్ట్రేషను కూడా కంప్యూటరులో నేనే చేసుకున్నాను. ఇంట్లో తయారుచేసి అమ్మేవాళ్లకు కూడా అది ఉండాలని టీచరు చెప్పేదాకా నాకు తెలియదు. 2023లో నేను చేయించుకున్నప్పుడు, ఏడాదికి 12 లక్షలలోపు అమ్మకాలున్నవాళ్లకు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు ఎక్కించి డబ్బు కట్టాను. పద్నాలుగు అంకెల నెంబరొకటి ఇచ్చారు. లేబులు మీద దాన్ని వేసి, పైన తెలుగులో 'ఆవకాయ' అని నేనే టైపు చేసి అచ్చు వేయించాను. మొదటి లేబుల్లో 'అవకాయ' అని పడింది లెండి, మీట నొక్కడంలో పొరపాటు. యాభై కాగితాలు దండగ. వాటి వెనక ఇప్పటికీ పాల లెక్క రాస్తున్నాను.

ఇంకో పొరపాటు కూడా చెప్పేస్తాను, మీరు చేయకండి. పాస్‌వర్డు మర్చిపోతానని వంటింటి కేలండరు మీద పెద్ద అక్షరాలతో రాశాను. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి అది చూసి, "అమ్మగారూ, ఇది గ్యాసు నెంబరాండీ?" అని అడిగాడు. ఆ రోజే మార్చేశాను. ఫోన్‌కి వచ్చే ఓటీపీ అడిగినవాళ్లు బ్యాంకువాళ్లమన్నా, ఇంకెవరమన్నా చెప్పకూడదు. ఖర్మకాలి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోన్ చేయాలి. ఇది మా టీచరు ప్రతి శనివారం మా అందరితో గట్టిగా అనిపించేది, ఎక్కాలు అప్పచెప్పించినట్టు.

ధర పెంచితే ఏమైందంటారా? ముప్ఫై ఒక్క ఇళ్లలో తొమ్మిది ఇళ్లు మానేశాయి. అందులో ఎనిమిది గురించి నాకేం దిగులు లేదు. బయట చవగ్గా దొరుకుతుంది, వాళ్లిష్టం. తొమ్మిదోది మాత్రం నా చిన్ననాటి స్నేహితురాలు. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. "కంప్యూటరు నేర్చుకుని మా మీదే మొదలుపెట్టావా?" అంది ఫోన్‌లో. లెక్కంతా చెప్పబోయాను. "ఆవకాయకి లెక్కేమిటే, మనిద్దరి మధ్యా?" అంది. దానికి ఉచితంగా ఒక కేజీ పంపుదామని డబ్బాకి ఎత్తి, మూత పెట్టి, పంపలేదు. పంపితే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుందా, పంపకపోతే స్నేహం అక్కడితో ఆగిపోతుందా? ఆ డబ్బా చివరికి మేమే తిన్నాం. ఇంతవరకూ తను నాకు ఫోన్ చేయలేదు. పండక్కి నేనే చేశాను. ఆరోగ్యం, పిల్లలు, వానలు, అన్నీ మాట్లాడుకున్నాం. ఆవకాయ మాట ఇద్దరం ఎత్తలేదు.

మరుసటి ఏడాది కొత్తగా ఆరు ఇళ్లు చేరాయి. వాళ్లలో ఒకావిడ కేజీ 400 అంటే బేరమాడకుండా, "లేబులు మీద నెంబరుందా?" అని మాత్రం అడిగింది. స్టీలు డబ్బా ఇప్పుడు లేదు. నా కూలి నా పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో వేసుకుంటున్నాను. మిగతా లాభం వేరుగా ఉంటుంది. ఇంటి పర్సులోంచి ఆటోకి తీస్తే తిరిగి వేస్తాను. మా వారు ప్రతి ఆదివారం ఆ షీటు తెరిపించి, పెన్ను పెట్టి కాగితం మీద మళ్లీ కూడి చూస్తారు. "అది తప్పు కూడదండీ" అంటే, "దానికి అంకెలు ఇచ్చింది నువ్వు కదా" అంటారు. కాదనలేను. పోయిన నెల ఆయనే అడిగారు, పెన్షను స్లిప్పు కంప్యూటరులో ఎలా చూడాలో నేర్పమని. మౌసు అట్లకాడలాగే పట్టుకున్నారు! బాణం బల్ల అంచుకు పోయింది. ఎత్తి మధ్యలో పెట్టుకోమన్నాను. నవ్వలేదు, నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

మా టీచరమ్మాయికి పెళ్లయి గుంటూరు వెళ్లిపోయింది. పెళ్లికి రెండు కేజీల ఆవకాయ పట్టుకెళ్లాను. "ఇది ఏ వరుసలో వేశారాంటీ?" అని అడిగింది పెళ్లిపీటల పక్కనే నిలబడి!

ఈసారి సీజను కోసం నిన్న మధ్యాహ్నం ఫైలు తెరిచాను. నూనె ధర మార్చాను, కాయ ధర మార్కెట్లో అడిగి వేయాలి, ప్రస్తుతానికి ఖాళీగా వదిలాను. నా కూలి గడి దగ్గరికి వచ్చాక, 500 తీసి 600 కొట్టాను. మేస్త్రీ మాట గుర్తొచ్చి లెండి. కిందంతా మారిపోయింది. కాసేపు చూశాను. మళ్లీ 500 చేశాను. మళ్లీ 600 చేశాను. ఇంతలో వీధిలో కూరగాయల బండి వచ్చింది. మూసేయబోతే, మార్పులు దాచమంటారా అని అడిగింది. బండివాడు వెళ్లిపోతున్నాడు. దాచమని నొక్కి, సంచీ తీసుకుని బయటికి పరిగెత్తాను.